పెద్ద బండికి డీజిలు మేలా, పెట్రోలు మేలా?

మైలవరము చుట్టుపట్ల గ్రామముల రైతులు సంఘ కార్యాలయమునకు వచ్చినపుడు, ఎరువుల సంగతియు వానల సంగతియు ముచ్చటించిన పిమ్మట, ఇటీవల తఱచుగా మమ్ము అడుగుచున్న ప్రశ్న యొకటి గలదు. "పెద్ద బండి కొనదలచితిమి. డీజిలుది తీసికొందుమా, పెట్రోలుది తీసికొందుమా?" అని. ఏడుగురు కూర్చుండగల ఎస్.యు.వి. బండ్లు పట్టణములలోని ధనికుల వాకిండ్ల ముందు మాత్రమే కనబడు దినములు గతించినవి. మామిడి కాపు బాగుగా వచ్చి, ధర నిలిచిన యేడు, మన గ్రామములలోనే నాలుగైదు క్రొత్త బండ్లు దిగుచున్నవి.

మా సంఘము ఈ బండ్లకు అప్పు లీయదు. అయినను, బ్యాంకునకు కట్టవలసిన బండి కంతులును, సంఘమునకు కట్టవలసిన పంట అప్పును ఒక్క తోటనుండియే, ఒక్క చేనునుండియే రావలెను. బండి యెంపికలో పొరపాటు జరిగినచో, ఆ పొరపాటు రెండేండ్లకు మా చిఠ్ఠాలలో బాకీగా వచ్చి నిలుచును. కావున ఇది మా పని కాదని ఊరకుండుట తగదని తోచి, తెలిసినంత మట్టుకు వ్రాయుచున్నాము.

రైతునకు డీజిలుమీద గల నమ్మకము ఈనాటిది కాదు. 1900 సంవత్సరము దాటిన తొలి యేండ్లలో, మన జిల్లాలు చెన్నరాజధానిలో నున్నప్పుడు, ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఇంజనీరు బావుల నీరు తోడుటకు నూనె యింజనుల వాడుకను ప్రోత్సహించెను. పిదప ధాన్యపు మిల్లులకును, లారీలకును, ట్రాక్టరులకును డీజిలే ఆధారమైనది. ఆ యింజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజెలు జర్మనీలోని ఔగ్స్‌బర్గు పట్టణమున 1897లో దానిని జయప్రదముగా నడపి చూపెను. 1900లో పారిసు ప్రదర్శనమున అట్టి యింజను నొకదానిని వేరుసెనగ నూనెతో నడపిరన్న సంగతి మన రైతులకు వినసొంపుగా నుండును.

నమ్మకమునకు తోడు ధర యొకటి. 2012 మే నెలాఖరున ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయల 18 పైసలుండగా, డీజిలు 40 రూపాయల 91 పైసలే యుండెను. అనగా లీటరునకు 32 రూపాయల భేదము. రైతునకును లారీవానికిని భారము కాకూడదని ప్రభుత్వము డీజిలు ధరను అణచి యుంచుటవలన ఏర్పడిన భేదమది. ఆ సహాయమును పెద్ద కార్ల యజమానులును అనుభవించిరి. 2010 జూనులో పెట్రోలు ధరమీదను, 2014 అక్టోబరులో డీజిలు ధరమీదను ప్రభుత్వము తన కట్టుబాటు తొలగించినది. ఇటీవలి సంవత్సరములలో మన ప్రాంతమున పెట్రోలు 110 రూపాయలకును, డీజిలు 98 రూపాయలకును సమీపమున నడచుచున్నవి. ముప్పది రెండు పండ్రెండైనది. మన నోట మాట మాత్రము 2012లోనే నిలిచియున్నది.

ఇక ఒక సభ్యుని కథ. ఆయన పేరు, ఊరు చెప్పుట లేదు. బండి చేసిన కంపెనీ పేరును అట్లే విడిచితిమి. ఇరువది యెకరముల మామిడి తోట గల పెద్దమనిషి. ఒకనాడు కుమారునితో గూడ కార్యాలయమునకు వచ్చెను. కుమారుడు డీజిలు బండి కొనవలెనని పట్టు పట్టియుండెను. పెద్దాయనకు బండి కొనుటయే యిష్టము లేదు గాని, కొడుకు మాట కాదనలేక మా యొద్దకు తీసికొని వచ్చినాడు.

"రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుదువు బాబూ?" అని మేమడిగితిమి.

"నూరు తక్కువ ఉండదండీ" అని కుమారుడు చెప్పెను.

పెద్దాయన నవ్వి, "వీడు చెప్పేది వినకండి. పాత కారుకు మీటరుందిగా, నెల రోజులు నేను రాసిపెడతాను" అనెను.

అన్నట్లే ఆయన పంచాంగపు అంచులలో ప్రతిదిన మంకె వేసి, నెల గడచిన పిమ్మట తెచ్చి మా బల్లమీద పెట్టెను. మొత్తము 540 కిలోమీటర్లు. అందులో విజయవాడకు మూడు మారులు పోయి వచ్చుట 240. మిగిలిన 300 ఇంటినుండి తోటకును, తోటనుండి బజారునకును, మధ్యాహ్నము మరల తోటకును. ఏడాదికి లెక్కించినచో 6,500 కిలోమీటర్లు.

ఆ పంచాంగము ముందుంచుకొని మేము వేసిన లెక్క ఇది. పెద్ద డీజిలు బండి మన రోడ్లపై లీటరునకు 12 కిలోమీటర్లును, అంతే బరువు గల పెట్రోలు బండి 9 కిలోమీటర్లును నడచునని యెత్తికొంటిమి. కంపెనీవారు చెప్పు అంకెలు ఇంతకంటె హెచ్చుగా నుండును. వానిని మేము నమ్ముకొనలేదు. డీజిలుకు కిలోమీటరునకు 8 రూపాయల 17 పైసలు, పెట్రోలుకు 12 రూపాయల 22 పైసలు పడును. భేదము నాలుగు రూపాయలపై చిల్లర. 6,500 కిలోమీటర్లకు ఏడాదికి సుమారు 26,000 రూపాయలు డీజిలువలన మిగులును. ఇంతవఱకు విని కుమారుడు తండ్రివైపు చూచెను.

అయితే డీజిలు బండి వెల హెచ్చు. బండినిబట్టి ఏబది వేలు మొదలు రెండు లక్షలవఱకు భేదముండును. జీవితపన్ను వెలనుబట్టి కట్టవలసినదే గనుక అదియు పెరుగును. లక్షన్నర యెక్కువని యనుకొన్నచో, ఆ లక్షన్నరయు అప్పే గదా! నూటికి 10 వంతున వడ్డీ 15,000. డీజిలు యింజనునకు సర్వీసు ఖర్చు ఏటేట ఒక 5,000 హెచ్చని వేసితిమి. ఇరువదియారు వేలలో ఇరువది వేలు ఇట్లు పోగా, మిగులునది ఆరు వేలు. ఆరు వేల చొప్పున లక్షన్నర తిరిగి రావలెనన్న ఇరువదియైదేండ్లు పట్టును. బండి అన్నేండ్లు బ్రదుకదు. అప్పు తీరుచున్నకొలది వడ్డీ తగ్గునన్నమాట నిజమే. పాతబండిగా అమ్మునప్పుడు మన ప్రాంతమున డీజిలు బండికి గిరాకి హెచ్చన్నదియు నిజమే. వానిని గూడ కలిపినను, ఈ పెద్దాయన తిరుగుడునకు డీజిలు గిట్టుబాటు కాదని మాకు తోచినది.

ఇదే లెక్క మరియొక సభ్యునికి వేఱుగా వచ్చినది. ఆయన కాయల వ్యాపారము గూడ చేయుచు, వారమున కొకమారు హైదరాబాదు పోయి వచ్చును. పోనురాను 540 కిలోమీటర్లు. పెద్దాయన నెల రోజులలో తిరిగినంత దూరము ఈయన ఒక్క ప్రయాణములో తిరుగుచున్నాడు! ఏడాదికి 26,000 కిలోమీటర్లు దాటును. లక్ష రూపాయలకు మించి నూనె ఖర్చు మిగులును. హెచ్చు పెట్టిన వెల రెండేండ్లలోపుగనే తిరిగి వచ్చును. ఆయనను పెట్రోలు బండి కొనుమని మేము చెప్పియుండినచో ద్రోహము చేసినవారమగుదుము.

మా అంచనా యేమనగా, ఏడాదికి ఎనిమిది వేలలోపు తిరుగువారికి పెట్రోలు, పదునైదు వేలు దాటువారికి డీజిలు. నడుమనున్న వారికి కిలోమీటర్ల సంఖ్యతో పనిలేదు. అవి ఎట్టి కిలోమీటర్లో చూడవలెను.

ఎట్టి కిలోమీటర్లు అను మాట విప్పి చెప్పవలసియున్నది. పెట్రోలు యింజనులో గాలియు పెట్రోలును కలిసిన ఆవిరిని విద్యుత్తు రవ్వ అంటించును. డీజిలు యింజనులో రవ్వ లేదు. గాలిని పదునారవ వంతునకు నొక్కగా అది నిప్పువలె వేడెక్కును. ఆ వేడిగాలిపై చిమ్మిన డీజిలు తనంతట తాను మండును. ఆ గట్టి నొక్కుడు వలనను, లీటరు డీజిలులో లీటరు పెట్రోలుకంటె పదవవంతు హెచ్చు శక్తి యుండుటవలనను దానికి మైలేజి హెచ్చు. కాని అట్లు మండునపుడు మసి హెచ్చుగా పుట్టును. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ డీజిలు పొగను క్యాన్సరు కలిగించు పదార్థముల జాబితాలో చేర్చినది. మన దేశమున 2020 ఏప్రిలు 1వ తేదీనుండి బి.యస్.6 నిబంధనలు వచ్చినవి. అంతకు మునుపు డీజిలు కారు కిలోమీటరునకు 25 మిల్లీగ్రాముల మసి విడువవచ్చును. ఆ తరువాత నాలుగున్నర మిల్లీగ్రాములే విడువవలెను. ఈ నిబంధన వచ్చిన దినముననే మారుతీ కంపెనీవారు డీజిలు కార్లు చేయుట మానివేసిరి. చిన్న బండికి ఆ యంత్రసామగ్రి ఖర్చు భరింపరానిదైనది. పెద్ద బండ్లలో ఆ ఖర్చు వెలలో ఇమిడిపోవుటచేత డీజిలు మిగిలినది.

మసిని పట్టుటకై పొగగొట్టమున ఒక వడపోత పెట్టిరి. దీనిని మెకానికులు డి.పి.యఫ్. అందురు. ఆ వడపోతలో చేరిన మసి, పొగగొట్టము బాగుగా వేడెక్కి సుమారు 600 డిగ్రీలకు వచ్చినప్పుడు కాలిపోయి శుభ్రపడును. ఇంజను బాగుగా వేడెక్కి, కొంతసేపు నిలుకడైన వేగముతో నడచినపుడే ఈ కాలుట చక్కగా పూర్తియగును. ఇంటినుండి తోటకు ఐదు కిలోమీటర్లు పోయి ఆపినచో కాలదు. మరునాడును కాలదు. మసి పేరుకొని, బండిలో ఎఱ్ఱదీపమో పచ్చదీపమో వెలుగును.

మా సభ్యులలో ఒకరు ఆ దీపమును నెల రోజులు లక్ష్యపెట్టలేదు. "ట్రాక్టరుకు ఏ దీపమూ లేకుండ పదునైదేండ్లు నడిపితిని" అని ఆయన వాదము. ఒకనాడు బండి వేగ మందుకొనుట మానివేసెను. షెడ్డులో వడపోత మార్చవలెనని చెప్పి, అడిగిన మొత్తము విని ఆయన అచ్చటనే కూలబడెను. ఒక పాడియావు వెల అది. బండి చెడిపోయినది కాదు. ఆ బండికి ఆ పని తగినది కాదు. ఇప్పటికే డీజిలు బండి యుండి దగ్గర ప్రయాణములే చేయువారు, పదిదినముల కొకమారు కొండపల్లి, ఇబ్రహీంపట్నము దాటి పెద్ద రోడ్డు మీద అరగంట నిలుకడగా నడపి రావలెను. దీపము వెలిగినచో ఆ దినమే పోవలెను.

కొన్ని కంపెనీల డీజిలు బండ్లలో మరియొక తొట్టి యుండును. అందులో పోయునది యూరియా నీరు. నూటికి ముప్పదిరెండున్నర పాళ్లు యూరియా, మిగిలినది శుద్ధజలము. మన సభ్యులు తెలివిగలవారు. "సంఘములో దొరకు యూరియా బస్తానుండి గుప్పెడు తీసి కలిపినచో చాలదా?" అని ఇద్దరు అడిగిరి. చాలదు. పొలమునకు వచ్చు యూరియాకు 2015 నుండి వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె లోపలి యంత్రమును పాడు చేయును. పైపెచ్చు, పొలముకొఱకు రాయితీపై ఇచ్చిన యూరియాను వేఱు పనులకు వాడుట నేరము.

అంతకంటె హెచ్చుగా చెప్పవలసినది పీపా డీజిలు సంగతి. ట్రాక్టరుకై ఇంట పీపాలో డీజిలు నిలువ యుంచి, కారుకును అందులోనుండియే గొట్టముతో తీసి పోయుట కొందఱి అలవాటు. పాత ట్రాక్టరు ఇంజను దుమ్మును, కొంచెము నీటిని ఓర్చుకొనును. క్రొత్త డీజిలు కారులో నూనె వాతావరణపు ఒత్తిడికి వేయిన్ని ఆరువందల రెట్లకు పైబడిన ఒత్తిడితో, వెండ్రుకవంటి రంధ్రములగుండ చిమ్మబడును. అచ్చట ఇసుక రేణు వొక్కటి చాలును. కారు డీజిలు బంకులోనే పోయించవలెను.

బలము సంగతి చూతము. "పెట్రోలు బండికి లాగుడు లేదు" అను మాట ఒకప్పుడు నిజము. ఇప్పుడు బండినిబట్టి నిజము. 2022లో వచ్చిన మహీంద్రా స్కార్పియో-ఎన్ పెట్రోలు యింజను లాగుడు బలము 380 న్యూటన్ మీటర్లవఱకు గలదు. దాని డీజిలు యింజనుకు 400. ఈ భేదము నడుపువానికి తెలియదు. టయోటా ఫార్చ్యూనరులో పెట్రోలు యింజను 245, డీజిలు యింజను 500. అచ్చట భేదము పసిబిడ్డకును తెలియును. స్కార్పియో-ఎన్ వచ్చినపుడు నాలుగు చక్రములకును బలము పోవు రకమును డీజిలుతోనే యిచ్చిరి. వానకాలమున నల్లరేగడి బాటలో దిగి పోవలసినవారికి ఇది ముఖ్యము. ఇన్నోవాలో 2022 ఆఖరున వచ్చిన హైక్రాసు పెట్రోలుది, అందు విద్యుత్తు తోడుగా గల రకమును గలదు. 2023లో మరల వచ్చిన క్రిస్టా డీజిలుది. విద్యుత్తు తోడుగల పెట్రోలు బండి మైలేజిలో డీజిలుకు తీసిపోదు గాని వెల హెచ్చు. మేము వేసిన లెక్కనే దానికిని వేసి చూడవలెను.

2025 సెప్టెంబరు 22వ తేదీనుండి పెద్ద బండ్లమీద పన్ను నూటికి 50నుండి 40కి తగ్గినది. తగ్గినదిగదా అని తొందరపడి కొనువారికి ఒక మాట: అదే దినమున ట్రాక్టరుల మీద పన్ను 12నుండి 5కు తగ్గినది.

పెట్రోలు కొనువారును తెలిసికొనవలసినది గలదు. 2023 ఫిబ్రవరినుండి బంకులలో నూటికి 20 పాళ్లు ఎథనాలు కలిపిన పెట్రోలు మొదలై, 2025 నాటికి దేశమంతటను వ్యాపించినది. ఎథనాలు చెఱకునుండియు, నూకలనుండియు, మొక్కజొన్ననుండియు తీయబడును. మన మెట్ట పొలముల మొక్కజొన్నకు ఇది క్రొత్త గిరాకి. ఆ మట్టుకు రైతునకు మేలు. కాని లీటరు ఎథనాలులో శక్తి పెట్రోలుకంటె మూడవ వంతు తక్కువ. అందుకై తయారుకాని బండ్లలో మైలేజి నూటికి 6, 7 పాళ్లు తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగువారి నివేదిక చెప్పినది. ఒక చేత మొక్కజొన్న అమ్మి, రెండవ చేత అదే మొక్కజొన్నను బండిలో పోయించుకొనుచున్నాము. లాభనష్టములు ఎవరికి వారే తూచుకొనవలెను. పాత పెట్రోలు బండి కొనువారు అది ఈ మిశ్రమమునకు తగినదో కాదో అడిగి తెలిసికొనవలెను. ఎథనాలు తేమను పీల్చును గనుక నెలల తరబడి కదపని బండిలో తొట్టి వెలితిగా నుంచరాదు.

ఢిల్లీనుండి వచ్చు పాత డీజిలు బండ్ల సంగతియు చెప్పవలెను. అచ్చట పదేండ్లు దాటిన డీజిలు బండ్లు తిరుగరాదని హరిత ట్రిబ్యునలు 2015లో ఆజ్ఞాపించెను. 2018లో సుప్రీంకోర్టు దానిని స్థిరపఱచెను. 2025లో ఆ కోర్టే అమలును కొంత సడలించినది. ఆ భయముచేత చవుకకు అమ్మబడిన బండ్లు మన వైపు వచ్చుచున్నవి. మన రాష్ట్రమున అట్టి నిషేధము లేదు. అయినను అచ్చటి నిరాక్షేపణ పత్రము, ఇచ్చట కట్టవలసిన పన్ను, క్రొత్త నంబరు ఖర్చు కలిపి చూచిన తరువాతనే అది చవుకయో కాదో తేలును.

వఱదనుగూర్చి ఒక మాట. మన మైలవరపు కొండలలో పుట్టిన బుడమేరు 2024 ఆగష్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో పొంగి గండ్లు పడి, విజయవాడలో సింగునగరమును ముంచినప్పుడు, వేలకొలది బండ్లు నీట నానినవి. నీరు తీసిన పిమ్మట, "చూతము" అని తాళము త్రిప్పినవారు చాల నష్టపడిరి. నీరు నొక్కుడుకు లొంగదు. సిలిండరులో నీరుండగా ఇంజనును త్రిప్పినచో లోపలి కడ్డీలు వంగును. నొక్కుడు హెచ్చుగా గల డీజిలులో ఈ ప్రమాదము మరింత హెచ్చు. మునిగిన బండి పెట్రోలుదైనను డీజిలుదైనను తాళము ముట్టుకొనక, షెడ్డుకు లాగించవలెను. ఇంజను రక్షణ అను ప్రత్యేక భీమా తీసికొననివారికి ఇట్టి నష్టమును కంపెనీలు తఱచు ఇచ్చుట లేదు. బుడమేటి ప్రక్కనున్న గ్రామములవారు ఆ కొద్ది సొమ్మునకు వెనుదీయవలదు.

పంచాంగము తెచ్చిన పెద్దాయన యింట చివరకు పెట్రోలు బండియే దిగినది. కుమారుడు రెండు నెలలు ముభావముగా నుండెను. ఇప్పుడు బంకులో బిల్లు చూచినపుడెల్ల గొణుగుకొనుచున్నవాడు పెద్దాయనయే. "లెక్క మీరే వేసినారు గదండీ, ప్రతిసారీ ఇంత అవుతున్నదేమిటి?" అని మొన్న మమ్ము నిలదీసెను. వడ్డీ మిగిలిన సంగతి బంకులో కనబడదని చెప్పితిమి; ఆయన తల యూపెను గాని, పూర్తిగా ఒప్పుకొన్నట్లు మాకు కనబడలేదు.

బండి కొనదలచిన సభ్యులు ఒక నెల తిరుగుడును, దగ్గరవి వేఱుగా దూరపువి వేఱుగా, కాగితముమీద వ్రాసికొని కార్యాలయమునకు తెచ్చినచో, ఆ దినపు నూనె ధరలతోను, బ్యాంకువారు చెప్పిన వడ్డీతోను లెక్క వేసి యిచ్చుటకు మా గుమాస్తా సిద్ధముగా నున్నాడు. ఇందుకు రుసుము లేదు.